సంతకం బండి

పద్దు 1

సంతకం బండి ఇవాళ మా ఇంటికి వచ్చింది. రకం పేరు పిచ్చుక. పసుపు రంగు. రంగు గురించి నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనూ ఏమీ రాయను.

ఈ పద్దు చదువుతున్నవాళ్లందరికీ కట్టుబాటు తెలిసిందే అయినా మొదటి పద్దులో రాయాలట, రాస్తున్నాను. కొత్త రకం బండి బయటికి వచ్చేముందు "ఇది మనుషులు ఎక్కదగినది" అని కంపెనీలో ఒకరు సంతకం పెట్టాలి. ఆ రకంలో తొలి బండి ఆ సంతకం పెట్టినవాళ్ల ఇంటికే వస్తుంది. ఏడాదిపాటు వాళ్ల ఇంటిల్లిపాదీ అందులోనే తిరగాలి. ఆ ఇంట్లో కంపెనీ జీతం తినని మనిషి ఒకరు పద్దు రాసి పంపాలి. అది వీధి పలక మీద కనిపిస్తుంది, చదివి నచ్చినవాళ్లు కొనుక్కుంటారు. మా అమ్మ కాలంలో బండ్లు చేసేవాళ్లు ఒక రకం బండ్లలో, కొనేవాళ్లు ఇంకో రకం బండ్లలో తిరిగేవారట. జనం గొడవ చేసి ఈ కట్టుబాటు తెచ్చుకున్నారు.

పిచ్చుక మీద సంతకం మా కోడలు విశాలాక్షిది. మా అబ్బాయి కుళ్లాయప్ప ఆసుపత్రిలో నర్సు, వాడి రాత వాడికే అర్థం కాదు. మనవరాలు గంగ ఇంకా అక్షరాలు దిద్దుతోంది. మిగిలింది నేను, ఓబులమ్మను. చిత్రావతిపురం బాలికల హాస్టల్లో కబడ్డీ కోచ్‌ని. ఉన్నదున్నట్టు అరవడమే నా ఉద్యోగం, రాయడం కూడా అలాగే ఉంటుంది.

ఇవాళ హాస్టల్‌కి కబడ్డీ మ్యాట్లు చేరవేశాను. బండి చప్పుడు లేకుండా పోయింది. లోపల పైకప్పులో రంగురంగుల దీపాలున్నాయి, పాటకు తగ్గట్టు మారుతుంటాయి. గంగ బండి దిగనని ఏడ్చింది.

పద్దు 5

ఈ వారం కోటా క్యాన్‌లో ఇంధనం ఇంకా మిగిలి ఉంది. జొన్నచొప్ప నుంచి తీసేదే కాబట్టి దాన్ని వీధిలో అందరూ సారాయి అంటారు. మా ఊళ్లో బండ్లకు సారాయి, మనుషులకు మజ్జిగ. ఇంటికి వారానికి ఒక్క క్యాను ఇస్తారు. అది అయిపోతే మళ్లీ సోమవారం దాకా కాళ్లే దిక్కు. పాత బండితో శుక్రవారం నుంచి మేం నడిచేవాళ్లం, ఇప్పుడు ఆదివారం కూడా తిరుగుతున్నాం.

మంగళవారం దుమ్ముగాలి లేచింది. ముందున్నది రోడ్డో పొలమో తెలియలేదు. బండి తనంతట తానే ఆగింది. దుమ్ము పలచబడ్డాక చూస్తే ఎదురుగా ఒక గొర్రెల మంద. బండి ముందు భాగంలో బొట్టుబిళ్లంత గాజు కన్ను ఉంది, అది దుమ్ములో కూడా చూస్తుందట. నాకు ఆ కన్ను బాగా నచ్చింది.

ఎదురింటి మాబున్ని వచ్చి బండి చుట్టూ తిరిగి చూసింది. ఆమె, ఆమె భర్త ఇమాంసా ఇద్దరూ కొండ మీద గాలిమరల దగ్గర పని చేస్తారు. ఇద్దరు పిల్లలు. వాళ్లను దారిలో బడి దగ్గర దించి కొండెక్కుతారు. లారీ వెనక నిలబడి పోయేవారు ఇన్నాళ్లూ.

"ఓబులక్కా, నిజం జెప్పు. కొనమంటావా, వద్దంటావా? మేము మళ్లా మళ్లా కొనేటోళ్లం కాదు" అని అడిగింది.

"కండ్లు మూసుకొని కొను మే" అన్నాను. "నా మనవరాల్ని ఎక్కిచ్చుకొని తిరుగుతాండా. ఇంతకంటే ఏం గావల్ల నీకు?"

పద్దు 14

వీధిలో ఇప్పుడు ఎటు చూసినా పిచ్చుకలే. పలక దగ్గర నన్ను చూసి జనం నమస్కారం పెడుతున్నారు. కొంచెం గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

మాబున్ని మాత్రం మొహం మాడ్చుకుని తిరుగుతోంది. గురువారానికే ఆమె క్యాను ఖాళీ అవుతోంది. ఒకసారి కాదు, వరసగా. కోటా పంచే చొప్ప కమిటీ వాళ్లు ఆమె పేరు పలక మీద ఎక్కించారు. కోటా ముందే తాగేసిన ఇంటివాళ్లు కాలి పాఠం నేర్చుకోవాలన్నది మా ఊరి పద్ధతి. బండి ఎక్కువ తాగితే తొక్కే కాలిదే తప్పని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ పాఠం చెప్పవలసింది సంతకం బండి నడిపే మనిషి, అంటే నేనే.

"కొత్త బండి మోజులో తొక్కి తొక్కి పెట్టినావా ఏం?" అని ఏడిపించాను.

"నీ మాదిరే నడుపుతాండా అక్కా. ఒట్టు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పలక మీద పేరు పడటం ఆమెకు చాలా అవమానంగా ఉందని అప్పుడు అర్థమైంది. ఏడిపించకుండా ఉండాల్సింది.

పద్దు 15

కాలి పాఠానికి మాబున్ని బండి ఎక్కాను. ఆమె నడుపుతుంటే పక్కన కూర్చుని చూశాను. నా కంటే మెత్తగా తొక్కుతుంది. మలుపులకు ముందే వేగం తగ్గిస్తుంది, దిగుడులో బండిని ఊరికే జారనిస్తుంది. నేను నేర్పడానికేమీ లేదు.

దిగి ముందువైపు చూస్తే గాజు కన్ను ఉండాల్సిన చోట నల్ల రబ్బరు బిళ్ల ఉంది.

"కన్నేదీ?" అన్నాను.

"అది పై రకంలోనే వస్తాదంట. మాకు డబ్బులు చాలవని తీసుకోలేదు" అంది మాబున్ని.

పిచ్చుకలో పై రకం, కింది రకం ఉన్నాయని నాకు ఎవరూ చెప్పలేదు. నా పద్దు చదివి కొన్నవాళ్లకూ తెలిసి ఉండదు. నేను గొర్రెల గురించి రాశాను, వాళ్లు గొర్రెల గురించి చదివి రబ్బరు బిళ్ల కొనుక్కున్నారు.

ఒక పని చేద్దామన్నాను. ఇద్దరం గాలిమరల దాకా పోయి రావాలి. మొదటిసారి ఎవరి బండి వాళ్లు నడపాలి, వచ్చి నింపుకుని రెండోసారి ఒకరి బండి ఒకరు నడపాలి. సంతకం బండి బయటివాళ్లకు ఇవ్వకూడదని రూలు ఉంది. రూలు తెలిసే ఇచ్చాను.

కాలు మారింది, తాగుడు మారలేదు. మాబున్ని నా బండి నడిపినప్పుడు సారాయి మిగిలింది. నేను ఆమె బండి నడిపినప్పుడు ముల్లు గబగబా దిగింది. మాబున్ని రోడ్డు మీదే కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు. "నా కాలు మంచిదే గదక్కా" అని అడుగుతూనే ఉంది.

తిరిగి వస్తూ చొప్ప డిపోలో కాటా మీద రెండు బండ్లూ ఎక్కించాం. ఆమె బండి నా బండి కంటే ఒక నిండు జొన్నల గోతాం బరువెక్కువ. ఒకే పేరు, ఒకే రంగు. వంగి కింద చూస్తే నా బండి పొట్టకు నున్నటి రేకు మూత ఉంది, గాలి అడ్డు తగలకుండా అట. ఆమె బండి పొట్ట కింద గొట్టాలన్నీ బయటికే వేలాడుతున్నాయి. టైర్లు కూడా వేరే.

పైకప్పులో రంగుల దీపాలు మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఈ పద్దు పలకకు ఇంకా పంపలేదు. ముందు విశాలను అడగాలి. కోడలని కాదు, మాటైనా అడగకుండా మనిషిని వీధిలో నిలబెట్టడం నాకు చేతకాదు.

పద్దు 16

విశాల ఈ వారమంతా ఫ్యాక్టరీలోనే ఉంది. అడగడం కుదరలేదు. ఇంతలో ఈ సంగతి జరిగింది.

పక్క ఊరి నుంచి ఒకామెను మా కుళ్లాయి పనిచేసే ఆసుపత్రికి తెచ్చారు. దుమ్ములో చొప్ప ట్రాక్టరు ఒకటి అడ్డరోడ్డు నుంచి వచ్చి ఆమె బండిని పక్క నుంచి గుద్దింది. ట్రాక్టరు తోలే మనిషి మెల్లగానే వస్తున్నాడట, ట్రాక్టరుకు గీత కూడా పడలేదు. ఆమె తుంటి ఎముక పిండయింది. ఆమెదీ పిచ్చుక బండే.

"తలుపు ఆమె మీదికి వచ్చేసిందమ్మా" అన్నాడు కుళ్లాయి, అన్నం ముందు కూర్చుని. "కోసి తీసినారంట. రేకు చేత్తో వంచితే వంగుతాందని అంబులెన్సు తోలినాయన చెప్పినాడు." వాడు అన్నం తినలేదు. రోజూ నెత్తురు చూసే మనిషి.

సాయంత్రానికి కంపెనీ మాట పలక మీదికి వచ్చింది. దుమ్ములో వాహనం నడపడం చోదకుల విచక్షణకు సంబంధించినదనీ, తలుపు ప్రవర్తన ప్రమాణాలకు లోబడే ఉందనీ రాశారు. తలుపు ప్రవర్తన మంచిదేనట, తుంటి ప్రవర్తనే బాగాలేదన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

వీధిలోకి వెళ్లి నా బండి తలుపు మీద గుప్పిటతో కొట్టాను. గోడను కొట్టినట్టుంది. ఎదురింటికి పోయి మాబున్ని బండి వెనక తలుపు మీద కొట్టాను. నూనె డబ్బాను కొట్టినట్టు మోగింది. ఆమె పిల్లలు అటువైపే కూర్చుంటారు.

పద్దు 17

విశాల వచ్చింది. రొట్టెలు కాలుస్తుంటే పొయ్యి పక్కనే నిలబడి అడిగాను. రబ్బరు బిళ్ల, కాటా, పొట్ట కింద మూత, తలుపు, అన్నీ చెప్పాను. ఆమె పెనం దించి స్టవ్ ఆపింది.

"మంచి ఉక్కుంటాది చూడత్తా, అది పలచగా ఉన్నా గట్టిగా ఉంటాది. బరువు తక్కువ. కానీ ధర" అంది. "చవక ఉక్కుతో అంత గట్టి రావల్లంటే మందం పెంచల్ల. మందం పెంచితే బరువు. బరువెక్కితే తాగుతాది."

"మరి మీరేం చేసినారు?"

"ముందర నుంచి గుద్దిచ్చే పరీక్ష ఉండాది. అందుకని ముందర మందం పెట్టినారు. పరీక్ష లేని తావ తగ్గిచ్చినారు."

"పరీక్ష లేని తావంటే?"

"పక్కన."

"పిల్లోళ్లు కూర్చునే పక్కన."

విశాల తల ఊపింది.

నేను గొంతు పెంచలేదు. నా గొంతు సంగతి ఊరికి తెలుసు, పెంచకపోవడం ఎంత కష్టమైందో నాకే తెలుసు. "నువ్వు దేని మీద సంతకం పెట్టినావు?" అన్నాను.

"మనింటి ముందరుండే బండి మీదనే. అదే నేను గీసింది. సంతకమైనాక, సమానమైన భాగాలు వేరేవి వాడుకోవచ్చని కింద ఒక మాట ఉంటాది. దాంతో మార్చుకుంటా పోయినారు. ప్రతిదీ నాకు చూపిచ్చినారు. ప్రతిసారీ కొంచెమే గదా అనుకున్న్యా."

"మనకు వేరే బండి ఇచ్చినారని తెలుసునా?"

"తెలుసు."

"నువ్వడిగినావా?"

"లేదు. వాళ్లే ఇచ్చినారు. నేను వద్దనలేదు."

కుళ్లాయి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. వాడి పెళ్లాన్ని వాడు అంత కొత్తగా చూడటం నేనెప్పుడూ చూడలేదు.

విశాలకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "మంచి ఉక్కు వేస్తే మాబున్నక్క కొనలేకపోతాది. అప్పుడు పిల్లోళ్లను లారీ వెనక నిలబెట్టుకొని పోవల్ల. అది బాగుంటాదా? ఉన్నంతలో చేసినాము" అంది.

లారీ వెనక ఆ పిల్లలు ఊగుతూ పోవడం నేనూ చూశాను. అప్పుడే పైకప్పు గుర్తొచ్చింది.

"ఆ రంగుల దీపాలకైన ఖర్చుతో తలుపుకు ఉక్కు వచ్చుండదా?"

"వచ్చుండు" అంది విశాల. "దీపాలు చూసి కొంటారత్తా. తలుపు లోపల ఏముండాదో ఎవరు చూస్తారు?"

"మేం చూడలేమనే గదమ్మా నీ సంతకం."

పద్దులు పంపుతానన్నాను. పంపితే తన ఉద్యోగం పోతుందనీ, ఫ్యాక్టరీ ఆగితే సగం ఊరు కూర్చుంటుందనీ, ఒక్క నెల ఆగితే లోపల మాట్లాడి తలుపు మార్పిస్తాననీ అంది. నమ్మాలనే ఉంది. తొమ్మిదేళ్లుగా ఒకే కంచంలో తిన్నట్టు బతికాం ఇద్దరం. నాకు మోకాలు ఆపరేషన్ అయినప్పుడు నన్ను ఎత్తి స్నానం చేయించింది కన్నకొడుకు కాదు, ఈ పిల్లే. ఆమెను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

పద్దులు పంపలేదు. రొట్టెలు ఎవరూ తినలేదు.

పద్దు 18

పొద్దున్నే మాబున్ని ఇంటికి పోయి నా బండి తాళం ఆమె చేతిలో పెట్టాను. ఈ నెల మీరు దీంట్లో తిరగండి, మీ బండి మేం తీసుకుంటామన్నాను.

"రూలు ఒప్పుకోదు గదక్కా?"

"రూలు పెట్టినోళ్లొస్తే నాతో మాట్లాడమని చెప్పు."

మైలేజీ సంగతి కమిటీకి తేల్చి చూపడానికే అనుకుంది. పిల్లల్ని తీసుకొచ్చి మా బండి వెనక సీట్లో ఎక్కించింది. నేను ఆమె బండిని మా గేటు ముందుకు తెచ్చి పెట్టాను. దుమ్ము వారం కాబట్టి వీధిలో అందరూ పిల్లల్ని బండ్లలోనే బడికి పంపుతున్నారు. ఎటు చూసినా పిచ్చుకలు, లోపల రంగుల దీపాలు, సంచులతో పిల్లలు.

గంగ పరుగెత్తుకొచ్చి వెనక తలుపు తీసి ఎక్కింది. నేనే బెల్టు పెట్టాను. నిజంగా ఆ పిల్లను తీసుకుపోదామనే అనుకున్నానా, విశాల ఏం చేస్తుందో చూద్దామనుకున్నానా అని ఎవరైనా అడిగితే చెప్పలేను.

స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పబోతుండగా విశాల ఇంట్లోంచి వచ్చింది. మొహం కడుక్కుంటూ వచ్చినట్టుంది, నీళ్లు కారుతున్నాయి. ఏ బండో చూసింది. వెనక తలుపు తీసి, బెల్టు ఊడదీసి, గంగను ఎత్తి కిందికి దించింది. గంగ దీపాలు దీపాలని కాళ్లు తన్నుకుంది. విశాల బిడ్డను వదలలేదు.

ఎదురింటి గేటు దగ్గర మాబున్ని చూస్తూ ఉంది.

"విశాలమ్మా" అంది. "పాపను ఏమిటికి దించినావు?"

జ్వరమని చెప్పొచ్చు. పాఠం పుస్తకం మరిచిపోయిందని చెప్పొచ్చు. ఏదో ఒకటి అనబోయి విశాల నోరు తెరవడం నేను అద్దంలో చూశాను. మళ్లీ మూసుకుంది. నేను ఇంజను కూడా వేయకుండా కూర్చున్నాను. సాయం చేయాలనిపించింది, చేయలేదు.

"దించినానక్కా. ఆ తలుపు దేన్నీ ఆపదు" అంది చివరికి.

"ఏ తలుపు? మా బండిదా?"

"మీదే కాదు. మీరందరూ కొనింది అదే. మాకిచ్చిందొకటే వేరే."

మాబున్ని తన పిల్లలున్న పసుపు బండిని చూసింది, నేను కూర్చున్న పసుపు బండిని చూసింది. అరుస్తుందనుకున్నాను. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అని మాత్రం అడిగింది.

"మొదట్నుంచి."

"మా పిల్లోళ్లు వానలు నిలిచినప్పట్నుంచి దాంట్లో పోతాండారు తల్లీ" అంది మాబున్ని. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే భరించేదాన్ని.

పక్కింటి సంజీవప్ప అప్పటికే బండి కదిలించాడు. ఆపాడు. దిగి, వెనక తలుపు తీసి కొడుకును దించాడు. ఏమైందని అడిగినవాళ్లకు మాబున్ని చెప్పింది, విన్నవాళ్లు పక్కవాళ్లకు చెప్పారు. ఒక్కొక్క బండే ఆగుతూ పోయింది. తలుపులు తీస్తున్న చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. పిల్లలకు ఏమీ అర్థం కాక, సెలవేమో అనుకుని కొందరు గంతులేశారు.

విశాల నా దగ్గరికి వచ్చి కిటికీలోంచి చేయి చాపింది. "పద్దులు ఇయ్యత్తా, నేనే పంపుతా" అంది. ఇచ్చాను. వీధిలో అందరూ చూస్తుండగానే ఒక్కటీ ఆపకుండా, ఒక్క మాటా దిద్దకుండా పంపింది. ఈ ఒక్క పద్దు నేను సాయంత్రం రాస్తున్నాను. కంపెనీవాళ్లు మధ్యాహ్నమే ఆమెను పిలిచారు, ఇంకా రాలేదు. కుళ్లాయి తోడు పోయాడు. ఆమె మీద నాకు ఎంత కోపం ఉందో అంత ప్రేమా ఉంది, రెండూ తగ్గేలా లేవు.

పొద్దున మా వీధి పిల్లలందరూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని, దుమ్ములో, పెద్దవాళ్ల చేతులు పట్టుకుని నడిచే బడికి పోయారు. నేను గంగను పట్టుకుని అందరికంటే వెనక నడిచాను. రెండువైపులా తలుపులు తెరిచిన బండ్లు నిలబడి ఉన్నాయి, ఏ ఇంటివాళ్లు కొన్నా నా పద్దు చదివే కొన్నారు.